ఎన్‌క్లెక్స్ కోసం ఉద్యోగం మానెయ్యాలా? ఏటీటీ వచ్చేసింది, ఏం చెయ్యమంటారు

హిందూపురం_సిస్టర్:
అందరికీ నమస్తే. నాది హిందూపురం, బీఎస్సీ నర్సింగ్ బెంగళూరులోనే చదివాను, ఇప్పుడు వైట్‌ఫీల్డ్ వైపు ఒక ప్రైవేట్ హాస్పిటల్లో మెడికల్ ఐసీయూలో చేస్తున్నా. అమెరికాలో నర్సు లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్‌కి ఏటీటీ (పరీక్ష రాయడానికి అనుమతి పత్రం) వచ్చింది, 90 రోజుల్లోపు రాసెయ్యాలి, లేకపోతే కట్టిన 200 డాలర్లు పోయినట్టే. ఇండియాలో రాస్తున్నాం కాబట్టి సీటు బుక్ చేసేటప్పుడు ఇంకో 150 డాలర్లు. డ్యూటీ అయ్యి పీజీకి వచ్చేసరికి కాళ్లు లాగేస్తుంటాయి, పుస్తకం తీస్తే నిద్ర. మా రూమ్మేట్ మలయాళీ అమ్మాయి రిజైన్ చేసి కోచింగ్‌లో చేరిపోయింది. మా నాన్నేమో నెలనెలా పంపేది ఆపొద్దమ్మా అంటున్నారు, ఎడ్యుకేషన్ లోన్ కూడా ఇంకా ఉంది. మానేసి కూర్చోవాలా, చేస్తూ చదవాలా? రాసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

నెల్లూరోడు_బీటీఎం:
మానెయ్ అమ్మా, ఇందులో రెండో మాట లేదు. నేను డ్యూటీ చేస్తూనే మొదలుపెట్టాను, అవ్వలేదు, మానేసి కూర్చున్నాకే అయింది. ఇది మన యూనివర్సిటీ థియరీ పేపర్ కాదు, డెఫినిషన్, కాజెస్, సైన్స్ అండ్ సింప్టమ్స్ అని పేజీలు నింపితే మార్కులు పడవు. నువ్వు పెట్టిన జవాబుని బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్న తీస్తుంది, కరెక్ట్ పెడితే కష్టమైంది, తప్పు పెడితే కాస్త తేలికైంది, అలా నీ లెవెల్ ఎక్కడుందో పట్టుకుంటుంది. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలు కూడా వచ్చాయి, ఒక్క పేషెంట్ మీద ఆరు ప్రశ్నలు, నర్స్ నోట్స్, ల్యాబ్ రిపోర్టులు, వైటల్స్ అన్నీ విడివిడి ట్యాబుల్లో ఉంటాయి, అందులోంచి ఏది ముఖ్యమో నువ్వే ఏరుకోవాలి. నైట్ చేసొచ్చిన బుర్రతో అది జరిగే పని కాదు. రోజూ ప్రశ్నలు చెయ్యాలి, తప్పుపోయినవే కాదు కరెక్ట్ అయినవాటి రేషనల్ (ఎందుకు ఆ జవాబో చెప్పే వివరణ) కూడా కూర్చుని చదవాలి, పూట గడిచిపోతుంది దానికే. నాకైతే 85 ప్రశ్నలకే పరీక్ష ఆగిపోయింది.

వార్డుఅక్క:
చెల్లీ, తొందరపడి రిజైన్ లెటర్ ఇవ్వకు. నేను ఏళ్ల తరబడి ఈ ఊళ్లో వార్డుల్లోనే ఉన్నా, చాలామందిని చూశాను. ఎన్‌క్లెక్స్ పాసైన మర్నాడు ఎవరూ ఫ్లైట్ ఎక్కించరు. అమెరికాకి నర్సులు వెళ్లేది ఎక్కువగా ఈబీ-3 అనే గ్రీన్‌కార్డ్ కేటగిరీలోనే, అందులో ఏ దేశానికైనా 7 శాతం అని లిమిట్ ఉంది, సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా అదే క్యూలో ఉంటారు, మన ఇండియా వాళ్లకి ఏళ్లకేళ్లు పడుతుంది. మధ్యలో వీసాస్క్రీన్ అని వీసాకి కావాల్సిన సర్టిఫికెట్, దానికి ఐఈఎల్‌టీఎస్సో ఓఈటీయో ఇంగ్లిష్ పరీక్ష, ఆ స్కోరు రెండేళ్లు దాటితే చెల్లదు. అంత దూరంలో ఉన్నదాని కోసం ఇవాళ చేతిలో ఉన్న జీతం ఎందుకు వదులుకోవడం? రేపు ఏ ఏజెన్సీకి వెళ్లినా ఈ గ్యాప్ ఏంటి అనే మొదట అడుగుతారు. మా చిన్నాన్న కూతురు ఇలాగే మానేసి కోచింగ్‌లో చేరింది, పరీక్ష పోయింది, మళ్లీ రాయాలంటే 45 రోజులు ఆగాలి, మళ్లీ ఫీజు కట్టాలి, అప్పటికి చేతిలో రూపాయి లేదు. చిత్తూరులో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో సగం జీతానికి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది, పరీక్ష మాట ఎత్తితే లేచి వెళ్లిపోతుంది. ఉద్యోగం ఉండి ఉంటే రెండోసారి రాసేది.

మదనపల్లె_జీఎన్‌ఎం:
85కి ఆగితే పాసే కదా అన్నా? మా గ్రూపులో అందరూ అదే అంటారు

లెక్కల_సిస్టర్:
కాదు, దయచేసి ఈ మాట ఎవరూ ప్రచారం చెయ్యకండి. మినిమం 85, మాక్సిమం 150, టైమ్ ఐదు గంటలు. నువ్వు పాస్ లైన్ పైన ఉన్నావని కంప్యూటర్‌కి 95 శాతం నమ్మకం వస్తే ఆపేస్తుంది, కింద ఉన్నావని అదే నమ్మకం వచ్చినా ఆపేస్తుంది. 85కి పాసూ ఉంది, ఫెయిలూ ఉంది. ఇంకోటి, ఆ 85లో 15 ప్రశ్నలకి అసలు స్కోరే లేదు, ముందు ముందు వాడడానికి ట్రై చేసి చూసుకునేవి. అవి ఏవో మనకి తెలీదు.

నెల్లూరోడు_బీటీఎం:
రూల్ అదే కావచ్చు సిస్టర్, నేను చూసిన 85 వాళ్లందరూ పాసే. ఒక్కరు కూడా ఫెయిల్ లేరు.

లెక్కల_సిస్టర్:
85కి పోయినవాళ్లు గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టరు కదా అన్నా, అందుకే మీకు కనపడలేదు. మా హాస్టల్లో ఒకమ్మాయి 85కి స్క్రీన్ ఆగగానే పాసైపోయానని ఇంటికి ఫోన్ చేసి స్వీట్లు పంచింది, రిజల్ట్ ఫెయిల్ అని వచ్చాక వారం రోజులు గది దాటి రాలేదు. ఇలాంటి మాటల వల్లే ఆ పిల్ల అంత ఆశ పెట్టుకుంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నెల్లూరోడు_బీటీఎం:
ఒక్క కేసు పట్టుకుని మొత్తం అలా అంటే ఎలా

లెక్కల_సిస్టర్:
మీరు కూడా మీరు చూసిన కేసులే పట్టుకున్నారు.

హిందూపురం_సిస్టర్:
నేనడిగింది 85 గురించి కాదండీ 🙏 మానాలా వద్దా అని

రెడ్‌హిల్స్_నర్స్:
చెన్నై నుంచి. నేను డ్యూటీ చేస్తూనే పాసయ్యాను, కానీ నాది ఓపీడీ, నైట్లు లేవు, ఆదివారం సెలవు. ఐసీయూ వాళ్లకి నా సలహా పనికిరాదు.

ఇంటిపేరు_బాధితుడు:
మానడం సంగతి తర్వాత, ముందు ఏటీటీ మీద పేరూ పాస్‌పోర్ట్ మీద పేరూ ఒకేలా ఉన్నాయా చూసుకో చెల్లెమ్మా. మన తెలుగువాళ్లకి ఇదే పెద్ద తిప్పలు, మార్క్స్ కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మొత్తం, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఇంకోలా. నాకు క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ (సర్టిఫికెట్ల పరిశీలన) దగ్గరే ఆగిపోయింది, అఫిడవిట్ చేయించి కాలేజీ చుట్టూ తిరిగి తిరిగి అరిగిపోయాను. సెంటర్ దగ్గర పేరు కలవకపోతే లోపలికే రానివ్వరు, డబ్బులూ పోతాయి.

వార్డుఅక్క:
నేను డబ్బు గురించే అన్నాననుకోవద్దు. ఐసీయూలో చేసే పిల్లకి ఆ ఐసీయూనే పెద్ద పుస్తకం. మ్యాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) వెళ్తున్న పేషెంట్‌కి నెక్స్ట్ డోస్ ముందు మోకాలి రిఫ్లెక్స్ చూడాలి, రెస్పిరేషన్ లెక్కపెట్టాలి, యూరిన్ ఎంత వచ్చిందో చూడాలి, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే పెట్టుకోవాలి అని పుస్తకంలో చదివినవాళ్లు మర్చిపోతారు, చేతులతో చేసినవాళ్లు మర్చిపోరు. ఇంట్లో కూర్చుంటే చెయ్యి మొద్దుబారిపోతుంది.

నెల్లూరోడు_బీటీఎం:
అక్కా, ఇక్కడే నేను ఒప్పుకోను. మన వార్డు అలవాట్లే ఆ పరీక్షలో మనల్ని ముంచుతాయి. ఒక్కటి చెప్తా చూడండి. బ్లడ్ ఎక్కుతోంది, పావుగంటకి పేషెంట్ నడుం నొప్పి అంటున్నాడు, చలి, వణుకు. ఫస్ట్ ఏం చేస్తారు? మనవాళ్లలో ఎంతమంది ముందు డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తారో నాకు తెలుసు, ఎందుకంటే డాక్టర్‌ని అడక్కుండా ఆపితే తిట్లు పడతాయి. పరీక్షలో ఆ ఆప్షన్ పెడితే తప్పు. ముందు బ్లడ్ ఆపాలి, సెట్ మార్చి కొత్త ట్యూబింగ్‌తో నార్మల్ సెలైన్ పెట్టి లైన్ నిలబెట్టాలి, తర్వాతే డాక్టరూ బ్లడ్ బ్యాంకూ. అక్కడ నర్సు తనే డిసైడ్ చెయ్యాలి. డెలిగేషన్ కూడా అంతే, మన దగ్గర స్నానం, తిండి, బెడ్‌పాన్ అన్నీ అటెండర్లూ చుట్టాలూ చూసుకుంటారు, అక్కడ ఏ పని అసిస్టెంట్‌కి ఇవ్వచ్చు, అసెస్‌మెంట్, టీచింగ్ లాంటివి ఎందుకు ఇవ్వకూడదు అనేదాని మీదే ప్రశ్నలుంటాయి. ఈ ఆలోచన మారాలంటే కొన్నాళ్లు వార్డుకి దూరంగా ఉండాలి. అమెరికా ఒక్కటే కూడా కాదు, కెనడా 2015 నుంచి ఇదే పరీక్ష తీసుకుంటోంది, ఆస్ట్రేలియా 2020 నుంచి బయటి దేశాల నర్సులకి ఇదే పెట్టింది. ఈబీ-3 క్యూ చూపించి ఆపెయ్యకండి పిల్లని.

వార్డుఅక్క:
బ్లడ్ రియాక్షన్ వస్తే ఆపకుండా ఫోన్ పట్టుకుని నిలబడే నర్సు మా వార్డులో లేదు. ఉంటే నేనే ఊరుకోను. నువ్వు పనిచేసిన చోట అలా ఉందేమో, బెంగళూరు నర్సులందరినీ కలిపి అనకు తమ్ముడూ.

నెల్లూరోడు_బీటీఎం:
మీ వార్డు అంటున్నారు, ఊరుకోను అంటున్నారు. అంటే మీరు రోస్టర్ వేసే సీట్లో ఉన్నారు కదా? అది ముందే చెప్పాల్సింది. మీ స్టాఫ్‌లో ఒకమ్మాయి మానేస్తే మీకు ఇబ్బంది, అందుకే ఇన్ని కారణాలు. నా మొదటి అటెంప్ట్ ఎలా పోయిందో వినండి. నెల ముందే లీవ్ లెటర్ ఇచ్చాను. పరీక్ష ముందు రాత్రి డ్యూటీ వేశారు మా ఇన్‌ఛార్జ్ సిస్టర్, ఇద్దరు సిక్ లీవ్, నువ్వు రాకపోతే ఎవరూ లేరు అన్నారు. వెళ్లాను. పొద్దున హ్యాండోవర్ ఇచ్చి, యూనిఫాం మీదే సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆటోలో ఇరుక్కుని, సెంటర్‌కి చేరేసరికి కళ్లు మూతలు పడుతున్నాయి. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ చదివాను, ఒక్క ముక్క తలకెక్కలేదు. ఫీజు ఆవిడ కట్టలేదు, సారీ కూడా చెప్పలేదు. అందుకే ఈ అమ్మాయిని మానెయ్ అంటున్నా, అర్థమైందా మీకు?

కేఆర్‌పురం_స్టాఫ్:
మాది కూడా సేమ్ స్టోరీ అన్నా 😔

వార్డుఅక్క:
అవును, రోస్టర్ నేనే వేస్తాను. దాచలేదు, ఎవరూ అడగలేదు. నీకు జరిగింది అన్యాయం, ఆ పని నేనైతే చెయ్యను. కానీ ఆ రాత్రి నువ్వు రాకపోతే ఆ ఐసీయూలో ఏం జరిగేదో కూడా ఆలోచించు. జనరల్ వార్డులో ఐదుగురికి ఒక నర్సు అని నర్సింగ్ కౌన్సిల్ నార్మ్, మా దగ్గర నైట్‌లో ముప్పై పడకలకి ఇద్దరం. కొత్త పిల్లలు వస్తారు, వెంటిలేటర్ అలారం మోగితే వెనక్కి జరుగుతారు, పక్కన నిలబడి సక్షన్ ఎలా చెయ్యాలో, ఇన్ఫ్యూజన్ పంప్ లెక్క ఎలా వెయ్యాలో నేర్పుతాం, చేతికి అందొచ్చే టైముకి లెటర్ పెట్టి వెళ్లిపోతారు. వెళ్లినవాళ్ల నైట్లు మిగిలినవాళ్ల మీద పడతాయి, వాళ్లకీ పిల్లలున్నారు, వాళ్లకీ నడుం నొప్పులున్నాయి. మీరంతా ఎలా వెళ్లాలా అని మాట్లాడుకుంటారు, ఉండిపోయేవాళ్ల గురించి ఒక్కరూ మాట్లాడరు. నాకూ వెళ్లాలని ఉండేది, ఇంట్లో మామగారు మంచం పట్టారు, వెళ్లలేదు. నా బాధ ఇది. ఈబీ-3 గురించి చెప్పింది అబద్ధం కాదు, కానీ నా బాధ మాత్రం ఇది.

నెల్లూరోడు_బీటీఎం:
ఇప్పుడు మీరు అసలు మాటకి వచ్చారక్కా. మీ కష్టం కాదనను. కానీ ఆ ఖాళీ ఈ అమ్మాయి ఎందుకు పూడ్చాలి? 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం కమిటీ వేసింది, 200 పడకలు దాటిన ప్రైవేట్ హాస్పిటల్ అయితే ఆ రాష్ట్రంలో ప్రభుత్వ నర్సుకి ఎంతో అంత ఇవ్వాలి, 50 లోపు పడకలున్నా 20,000కి తగ్గకూడదు అని రాశారు. ఎన్నిచోట్ల ఇస్తున్నారో మీకూ తెలుసు. ఆ జీతం ఇచ్చి, సరిపడా మనుషుల్ని పెడితే సగం మంది ఈ పరీక్ష జోలికే వెళ్లరు, నేనూ వెళ్లేవాణ్ణి కాదు, మా అమ్మ నెల్లూరులో ఒక్కతే ఉంటుంది.

వార్డుఅక్క:
జీతం పెంచమని నేనూ అడిగాను, మీటింగులో లేచి అడిగాను, తర్వాత నాకేం జరిగిందో ఇక్కడ రాయలేను. అప్పటిదాకా రాత్రి రెండింటికి బెల్ కొట్టిన పేషెంట్ దగ్గరికి ఎవరో ఒకరు లేచి వెళ్లాలి కదా.

నెల్లూరోడు_బీటీఎం:
వెళ్లాలి. కానీ ఆ ఎవరో ఒకరి బతుకు అక్కడే తెల్లారిపోకూడదు.

మదనపల్లె_జీఎన్‌ఎం:
ఆ అమ్మాయి లోన్ ఎవరు కడతారో ముందు అది చెప్పండి ఇద్దరూ

హిందూపురం_సిస్టర్:
అక్కా, అన్నా, మీ ఇద్దరి మాటలూ పీజీలో కూర్చుని మళ్లీ మళ్లీ చదివాను. మా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడిగాను, పరీక్ష అయ్యేదాకా నైట్లు తగ్గిస్తా అన్నారు, రాసి మాత్రం ఇవ్వనన్నారు.

నెల్లూరోడు_బీటీఎం:
రాత లేకపోతే నమ్మకు. నాకూ నోటిమాటే ఇచ్చారు.

వార్డుఅక్క:
ఈ విషయంలో తమ్ముడు చెప్పిందే చెయ్యి. సిస్టర్‌కి మెయిల్ పెట్టు, నర్సింగ్ సూపరింటెండెంట్‌ని కూడా అందులో కలుపు. పరీక్ష తేదీ, ముందు రెండు రోజులు ఆఫ్, ఆ వారం నైట్ వద్దు, ఈ మూడూ స్పష్టంగా రాయి. మాటల్లో ఒప్పుకున్నారు కాబట్టి ‘మీరు చెప్పినట్టు’ అని మొదలుపెట్టు. నా టేబుల్ మీదకి అలాంటి మెయిల్ వస్తే నేను కాదనలేను.

హిందూపురం_సిస్టర్:
మెయిల్ పెట్టేశాను. పేరు కూడా చూసుకున్నాను, పాస్‌పోర్ట్‌తో కలిసింది, చెప్పిన అన్నకి థాంక్స్. డేట్ బుక్ చేశాను, మధ్యాహ్నం స్లాట్. ఈ వారంలో మెయిల్‌కి జవాబు రాకపోతే నోటీస్ ఇచ్చేస్తాను. దాచుకున్నది లోన్ ఈఎంఐకి కొన్నాళ్లు సరిపోతుంది, ఇంటికి పంపేది మాత్రం ఆపుతానని నాన్నకి చెప్పాను, ఆయన ఫోన్ ఎత్తట్లేదు, అమ్మతోనే మాట్లాడుతున్నా. ఇంకో డౌట్, మందుల పేర్లు వేరేగా ఉంటాయంటున్నారు, నిజమేనా?

వార్డుఅక్క:
నిజమే. మన సాల్బుటమాల్ అక్కడ ఆల్బ్యుటెరాల్, పారాసిటమాల్ అసిటమినోఫెన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. బ్రాండ్ పేర్లు అడగరు, జెనరిక్ పేర్లే. మన వార్డుల్లో బ్రాండ్ పేర్లతోనే పిలుస్తాం కదా, అందుకే ఇవాళ్టి నుంచి ప్రతి యాంప్యూల్ మీద కింద చిన్నక్షరాల్లో ఉన్న పేరు చదువుతూ లోడ్ చెయ్యి. నాన్నగారికి రెండు రోజులాగి మళ్లీ చెయ్యి.

లెక్కల_సిస్టర్:
పౌండ్లని కేజీల్లోకి మార్చడం కూడా ప్రాక్టీస్ చెయ్యి, 2.2తో భాగించాలి. డోసు లెక్కల్లో మనవాళ్లు అక్కడే పోగొట్టుకుంటారు. 85కి ఆగితే మాత్రం రిజల్ట్ వచ్చేదాకా ఎవరికీ చెప్పకు.