పాత మేలులు తలుచుకుంటే నిరీక్షణ రావాలి కదా, కొందరికి బాధెందుకు ఎక్కువవుతుంది?

కొర్లగుంట యూత్:
అందరికీ వందనాలు. డిసెంబర్ ఆఖరి వారం మా గృహకూడికలో "దేవుడు ఇంతవరకు చేసిన మేలులు" అంశం. నడిపించే పని నాకు అప్పగించారు. 15 మంది వస్తారు, 45 నిమిషాలు. ఏటా ఒకటే వరస: ఉద్యోగం వచ్చిందనో ఇల్లు కట్టామనో ముగ్గురు లేచి సాక్ష్యం చెప్తారు, ఆ ఏడు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు తల దించుకుని కూర్చుంటారు. ఈసారి అందరి చేతా తమ మేలులను ఒక పుస్తకంలో రాయించాలని ఉంది. ఏం రాయించాలి, ఎట్లా నడపాలి?

పాకాల సండేస్కూల్:
తమ్ముడూ, ముందు బైబిల్లో 77వ కీర్తన తీసి పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటూ చదువు. మూడో వచనంలోనే ఆ కీర్తన కర్త ఆసాపు దేవుణ్ణి జ్ఞాపకం చేసుకుని నిట్టూరుస్తున్నాడు. అంటే జ్ఞాపకం దానంతటదే ఓదార్పు కాదు. 5, 6 వచనాల్లో తలుచుకున్నది తన పాత రోజులను, రాత్రి తాను పాడుకున్న పాటను. 'అప్పుడెంత బాగుండేది' అనే తలపు అది. దాని వెంటే 7 నుంచి 9 దాకా వరసగా ప్రశ్నలే: ప్రభువు నిత్యం విడనాడునా, కృప చూపడం మానేశాడా అని.

తిరిగేది 11లో. అక్కణ్ణుంచి 'నా' తగ్గి 'నీ' మొదలవుతుంది: నీ కార్యాలు, నీ మార్గం, నీ ప్రజలు. గుర్తు చేసుకునేది మారింది, కష్టం మారలేదు. చివర ఇశ్రాయేలీయులు దాటిన ఎర్రసముద్రం దగ్గరికి వచ్చి 19లో ఒక మాటంటాడు: నీళ్ళలో నీ దారి ఉంది గానీ అడుగుజాడలు కనబడలేదు. మీ కూడికలో తల దించుకున్నవాళ్ళకు పనికొచ్చే వచనం ఇదే.

సాక్ష్యాల దగ్గర తప్పేది కూడా ఇక్కడే. "నాకు ఇది దొరికింది" దగ్గర ఆగిపోతే, దొరకనివాళ్ళకు అది లెక్కలు చూపించినట్టు ఉంటుంది.

చిత్తూరు పాత చందాదారు:
పుస్తకం సంగతి నేను చెప్తాను. 200 పేజీల లాంగ్‌బుక్ చాలు, డైరీ వద్దు. డైరీలో ఒక రోజు ఖాళీ పడితే మనిషికి సిగ్గేసి మానేస్తాడు. పేజీకి నాలుగు గడులు కొట్టించండి: తేదీ, అవసరం, ఏమని అడిగాం, ఏం జరిగింది. నాలుగో గడి వెడల్పుగా ఉంచాలి, ఖాళీగా వదలాలి. అది మూడు నెలలకో మూడేళ్ళకో నిండుతుంది. నిండితే అక్కడ రెండో తేదీ వెయ్యాలి.

అంకెలు లేని మేలు ఆరు నెలలకు మసకబారుతుంది. "దేవుడు ఫీజు విషయంలో సహాయం చేశాడు" అని కాదు. "కాలేజీ ఫీజు 18,000, గడువు 15వ తేదీ, చేతిలో 6,000, 13న పాత బాకీ తిరిగొచ్చింది" అని. అడిగింది జరక్కపోతే అదీ రాయాలి, "జరగలేదు" అనే. అవి దాచిపెట్టిన పుస్తకాన్ని రాసినవాడే నమ్మడు.

కూడికకు నా లెక్క: పాట 5 నిమిషాలు; 136వ కీర్తన 6 నిమిషాలు, 26 వచనాలూ, మీరు ముందు సగం చదివితే అందరూ "ఆయన కృప నిరంతరముండును" అనాలి; మౌనంగా రాయడం 10; వాక్యం 8; సాక్ష్యాలు ఆరుగురికి రెండేసి నిమిషాలు; ప్రార్థన 4. రాయడం సాక్ష్యాల కంటే ముందే ఉండాలి. లేకుంటే గొంతున్నవాళ్ళే మాట్లాడతారు. ఇంకోమాట, పక్కింటివాళ్ళ జబ్బులూ అప్పులూ పేర్లతో సహా బయటపడేది సాక్ష్యాల్లోనే. ఎవరి సంగతి వాళ్ళే చెప్పాలని మొదటే చెప్పేయండి.

వాచ్‌నైట్‌లో (డిసెంబర్ 31 రాత్రి ఆరాధన) కొత్త ఏడాదికి బైబిల్ వచనం రాసిచ్చే వాగ్దాన కార్డు కోసం ఎగబడతాం కదా, పాత కార్డు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఈసారి కూడికకు పోయిన జనవరి కార్డు తెమ్మనండి.

తిరుచానూరు రోడ్డు అక్క:
పిల్లలుంటే మేలులకు గుర్తుగా రాళ్ళు పెట్టండి. యెహోషువ 4లో ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటినప్పుడు గోత్రానికొకరు చొప్పున 12 మంది, ఒక్కొక్కరు ఒక్కో రాయి భుజాన మోశారు. యాజకులు నిలబడిన చోటు నుంచి, యొర్దాను నడిమధ్య నుంచి. గిల్గాలులో వాటిని నిలబెట్టింది పిల్లలు "ఈ రాళ్ళెందుకు?" అని అడగాలనే. కాబట్టి బీరువాలో కాదు, చెప్పులు విడిచే చోట పెట్టండి. స్వర్ణముఖి గులకరాళ్ళయితే కడిగి ఒక రోజంతా ఎండలో ఆరబెట్టాలి, తడి రాయి మీద మార్కర్ పాకిపోతుంది. పిడికెడు రాయి మీద సంవత్సరం, రెండు మాటలు పడతాయి, అంతే.

జాగ్రత్త కూడా ఉంది. మోషే చేసిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు (2 రాజులు 18:4). గుర్తు కోసం పెట్టింది మొక్కుబడి వస్తువైతే తీసెయ్యాల్సిందే.

కొర్లగుంట యూత్:
చాలా సంతోషం అక్కా, అన్నలూ. ఒక్కటి మిగిలింది. ఈ ఏడాది రాయడానికి ఏమీ లేదు అనేవాళ్ళ చేత ఏం రాయించాలి?

పాకాల సండేస్కూల్:
బలవంతంగా రాయించొద్దు. 13వ కీర్తన చదివించు, ఆరే వచనాలు, మొదటి రెండూ "ఎంతకాలం" అనే ప్రశ్నలే. 136వ కీర్తన 23లో "మనము దీనదశలో నున్నప్పుడు" అనే దగ్గర కాస్త ఆగు.

ఎబెనెజరు (సహాయపు రాయి అని అర్థం) పేరు మన ఇళ్ళ గేట్ల మీదా ఆటోల మీదా చూస్తూనే ఉంటాం. సమూయేలు ప్రవక్త ఆ పేరుతో రాయి పెట్టి అన్నది "ఇంతవరకు" అని మాత్రమే (1 సమూ 7:12). రేపటి గురించి ఏమీ అనలేదు. అదే పేరు 4వ అధ్యాయంలో ఇశ్రాయేలు యుద్ధంలో ఓడిపోయి దేవుని మందసం (పవిత్రమైన నిబంధన పెట్టె) పోగొట్టుకున్న సందర్భంలో వినిపిస్తుంది.

చిత్తూరు పాత చందాదారు:
మన్నా సంగతి కూడా చెప్పండి, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం అది. మరుసటి రోజుకు దాచుకుంటే పురుగు పట్టింది. ఒక్క ఓమెరు మాత్రం, రమారమి రెండు లీటర్లు, తరతరాలు చూడటానికి పాత్రలో నిలిచింది (నిర్గమ 16). నిన్నటి మేలు చూపించుకోవడానికే, ఈ రోజు తినడానికి కాదు. గడి ఖాళీగా ఉన్నవాళ్ళకు సొంత మేలు గుర్తు రాకపోయినా ప్రభువు బల్ల ఉంది, రొట్టె, ద్రాక్షారసంతో యేసు మరణాన్ని తలుచుకునేది. 1 కొరింథీ 11:26 ఒక్క వచనంలోనే ఆయన మరణం, "ఆయన వచ్చువరకు" రెండూ ఉన్నాయి. వాళ్ళ పేజీ మీద తేదీ వేసి, ఆ రిఫరెన్స్ రాసి, నాలుగో గడి అలాగే వదిలెయ్యమనండి.