పిల్లలూ పెద్దలూ కలిసి పాడుకునే జానపద శైలి సంగీతం: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

మా పాపకు ఐదేళ్లు, బాబుకు రెండేళ్లు. ఇంట్లోనూ కారులోనూ పిల్లల పాటలు పెడుతూనే ఉంటాం గానీ, వాటిలో చాలావరకు యంత్రాల మోతతోనూ అరుపుల్లాంటి హుషారుతోనూ నిండి ఉండటం వల్ల పెద్దవాళ్లం కాసేపటికే విసిగిపోతున్నాం. మాకు నచ్చిన పాటలు పెడితే పిల్లలు పట్టించుకోవడం లేదు. ఈమధ్య గిటారు, బాంజో వంటి తీగవాద్యాలతో, ఆర్భాటం లేని మామూలు గొంతుతో పాడిన అమెరికన్ జానపద శైలి కుటుంబ గీతాలు కొన్ని విన్నాం. పాప రెండో చరణానికే పల్లవి అందుకుంది. నేనూ నా భార్యా కూడా చివరిదాకా ఇష్టంగా విన్నాం.

ఈ తరహా సంగీతంలో ఇద్దరినీ పట్టి ఉంచే గుణం ఏమిటి? ఎవరి పాటలతో మొదలుపెట్టడం మంచిది? నాకు గిటారు మీద జి, సి, డి అనే మూడు కార్డులు (కొన్ని స్వరాలను ఒకేసారి మోగించే వేళ్ల అమరికలు) మాత్రమే వచ్చు. ఇంట్లో పాడుకోవడానికి అవి సరిపోతాయా? ఇంకొక సందేహం: పాప నాతో గొంతు కలిపినప్పుడు తరచూ శ్రుతి తప్పుతోంది. సరిదిద్దాలా, వదిలేయాలా?

మొదటి జవాబు

ఈ పాటల్లో వినేవాళ్లు కూడా పాడటానికి చోటు ఉంటుంది. మీరు అడిగిన గుణం అదేనని నా నమ్మకం. పనిలోనో ఆటలోనో పదిమంది కలిసి పాడుకుంటుండగా రూపు దిద్దుకున్న పాటలు కాబట్టి పల్లవి పొట్టిగా ఉంటుంది, బాణీ ఒకటి రెండుసార్లు వింటే పట్టుబడుతుంది, చరణం చరణానికీ మారేది ఒకటి రెండు మాటలే. పిల్లలు పల్లవి దగ్గర వచ్చి చేరిపోతారు. పెద్దవాళ్లను కూర్చోబెట్టేవి ఆ బాణీల నాణ్యత, తీగలు మీటడంలోని నేర్పు, మాటల వెనక కనిపించే బతుకు.

ఈ మార్గానికి పునాది వేసినవారిలో రూత్ క్రాఫర్డ్ సీగర్‌ను ముందుగా చెప్పుకోవాలి. స్వయంగా ఆధునిక స్వరకర్త అయిన ఆమె, అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరిచిన జానపద రికార్డింగులను విని స్వరలిపిలోకి ఎక్కించారు. తల్లులు కూడా చేయి వేసి నడుపుకునే ఒక నర్సరీ బడిలో అలాంటి పాటలను పిల్లలతో పాడించి చూశారు. ఆ అనుభవం 1948లో ‘అమెరికన్ ఫోక్ సాంగ్స్ ఫర్ చిల్డ్రన్’ అనే పుస్తకంగా వచ్చింది. చరణాల్లోకి ఎదురుగా ఉన్న పిల్లల పేర్లు, వాళ్ల బట్టల రంగులు, ఆ క్షణాన చేస్తున్న పనులు రావాలనీ, పాట నడక మధ్యలో తెగకూడదనీ ఆమె కోరుకున్నారు. ఆమె సవతి కొడుకు, జానపద గాయకుడు పీట్ సీగర్ 1953లో అదే పేరుతో బాంజో మీద ఒక రికార్డు చేశారు. జానపద గాయకుడు, పాటల రచయిత వుడీ గత్రీ కూడా తన పిల్లల పాటల గురించి తల్లిదండ్రులకు రాస్తూ, రికార్డును పిల్లల ముందు పెట్టేసి మీ పనుల మీద మీరు వెళ్లిపోకండి అని కోరారు.

మీరు మాత్రం పిల్లల పాటల గాయని ఎల్లా జెంకిన్స్‌తో మొదలుపెట్టండి. 1957లో వచ్చిన తొలి రికార్డు నుంచీ ఆమె పట్టుకున్నది వంతపాట పద్ధతి: ఆమె ఒక పంక్తి పాడతారు, పిల్లలు దాన్ని తిరిగి అంటారు, ఈలోగా తాళం నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో ఆ రికార్డు పెట్టినా మీరు వంత పాడకుండా ఉండలేరు. ఆమెవీ, పైన చెప్పినవాళ్లవీ చాలా రికార్డులు విడుదల చేసిన ఫోక్‌వేస్ సంస్థను 1987లో అమెరికా జాతీయ మ్యూజియంల సంస్థ స్మిత్సోనియన్ తీసుకుని, ఆ రికార్డులన్నింటినీ అందుబాటులోనే ఉంచింది కాబట్టి వెతుక్కోవడం కష్టం కాదు. ఇటీవలి ధ్వని కావాలంటే, ఎలిజబెత్ మిచెల్ తన భర్త, కూతురుతో కలిసి పాడిన పాటలు వినండి. రాత్రి పడుకోబోయే ముందు వినడానికి అంతకంటే హాయిగా ఉండేవి నాకు తెలియవు.

రెండవ జవాబు

నేను పిల్లలకు పాట నేర్పుతాను కాబట్టి శ్రుతి విషయం వరకే చెబుతాను. ఐదేళ్ల వయసులో శ్రుతి తప్పడానికి చాలాసార్లు కారణం, మనం ఎత్తుకున్న స్థాయి వాళ్ల గొంతుకు అందకపోవడమే. ఆ వయసు పిల్లలకు మధ్య సి (పియానో నడుమ ఉండే సి స్వరం) పైనున్న డి నుంచి ఎ వరకు, అంటే ఇంచుమించు ఐదు స్వరాల మేర, గొంతు సుఖంగా పలుకుతుంది. పెద్దవాళ్లం మాట్లాడే స్థాయికి దగ్గరగా, చాలా కిందుగా పాడతాం. అక్కడ పిల్లలకు స్వరం పలకదు, అందుకని మాటలు అప్పజెప్పినట్టు అనేస్తారు.

ఒక పని చేసి చూడండి. గిటారు పక్కన పెట్టి, పాపనే పాట ఎత్తుకోమనండి. ఆమె ఏ స్వరం మీద మొదలుపెట్టిందో గిటారు మీద వెతికి, అక్కడికి సరిపోయేలా క్యాపో (గిటారు మెడ మీది ఒక మెట్టు దగ్గర తీగలన్నింటినీ అదిమిపట్టే బిగింపు) బిగించండి. క్యాపో ఒక్కొక్క మెట్టు పైకి జరిగితే శ్రుతి ఒక్కొక్క స్వరస్థానం పెరుగుతుంది. మీ వేళ్లు మాత్రం తెలిసిన జి, సి, డి ఆకారాల్లోనే ఉంటాయి. రెండో మెట్టు దగ్గర పెడితే మీ జి కార్డు ఎ అవుతుంది. ఈ సంప్రదాయంలోని పాటలు చాలావాటికి ఆ మూడు కార్డులే చాలు, కొన్నింటికి రెండే సరిపోతాయి. మీది మగ గొంతు కాబట్టి ఒక స్థాయి కిందుగా వినిపిస్తుంది, దాన్ని అందుకోవడం కొందరు పిల్లలకు కష్టం. మొదటి పంక్తిని ఒకసారి పలచని గొంతుతో పై స్థాయిలో పాడి చూపండి, లేదా మీ భార్యను ఎత్తుకోమనండి. పాట మధ్యలో ఆపి తప్పు దిద్దడం మాత్రం వద్దు.

మూడవ జవాబు

మొదటి జవాబు రాసినవారితో ఒక్కచోట నాకు అభిప్రాయభేదం ఉంది. ప్రతి పాటా కలిసి పాడుకునేదే కానక్కరలేదు. కథ చెప్పే పాటలూ, దిగులు పాటలూ పక్కన కూర్చుని ఊరికే వినడానికే బాగుంటాయి. ఈ సంప్రదాయంలో చావు, దూరమైపోవడం, తిండికి కరువు వంటివి దాచకుండా వస్తాయి. పిల్లలు భయపడతారని వాటిని తీసేస్తే మిగిలేది మీరు విసిగిపోయిన ఆ హుషారే. అమ్మ ఒడిలో కూర్చుని ‘ఆ పక్షి ఎందుకు తిరిగి రాలేదు?’ అని అడిగే పిల్లవాడు ఆ పాటను నిజంగా విన్నాడు.

అయితే తీసేయవలసినవి వేరే ఉన్నాయి. 19వ శతాబ్దంలో తెల్లవాళ్లు ముఖాలకు నల్లరంగు పూసుకుని నల్లజాతివారిని వెక్కిరిస్తూ ఆడిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల నుంచి కొన్ని బాణీలు పిల్లల పాటల్లోకి వచ్చి చేరాయి. ఒక పాట నచ్చితే ఇంట్లో పాడటం అలవాటు కాకముందే దాని పుట్టుక ఏమిటో చదువుకోండి. పాటలకు కొదవ లేదు కాబట్టి అలాంటివి వదులుకున్నా నష్టపోయేది ఏమీ లేదు.

అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. పాపను ఎత్తుకోమంటే నిజంగానే నాకంటే చాలా పైన ఎత్తుకుంది. క్యాపో నాలుగో మెట్టు దగ్గర కుదిరింది. ఇక మా బాబు సంగతి: మేం పాడుతుంటే నోరు తెరుచుకుని చూస్తాడు తప్ప ఒక్క మాటా కలపడు. వాడికి వేరే పాటలు వెతకాలా?

రెండవ జవాబు రాసినవారు

అక్కరలేదు, అవే పాడండి. రెండేళ్ల పిల్లలు చాలామంది ముందు ఒంటితో స్పందిస్తారు: ఊగుతారు, చప్పట్లు కొడతారు, కొందరు కదలకుండా చూస్తారు. గొంతు తర్వాత వస్తుంది, అదీ తరచూ పంక్తిలోని చివరి మాటతో. అందుకని పంక్తి చివర ఒక మాటను వదిలేసి, తాళం ఆపకుండా గిటారు మీటుతూ, మీకు మరీ ఎక్కువసేపు అనిపించేదాకా ఎదురుచూడండి. అక్కను ఆ మాట అందించవద్దని ముందే చెప్పి ఉంచండి. వాడు అనకపోతే మీరే అనేసి తర్వాతి చరణానికి వెళ్లిపోండి, అనిపించాలని పట్టుబట్టవద్దు. మీ ముందు నోరు విప్పనివాడు, మీరు పక్కగదిలో ఉన్నప్పుడు బొమ్మలతో అదే పల్లవి పాడుకుంటూ ఉండవచ్చు. ఒకసారి చెవి ఒగ్గి చూడండి.