చెక్కు కేసులో శిక్ష పడితే డాక్టరు రిజిస్ట్రేషన్ పోతుందా?

ప్రశ్న (ఆదోని నుంచి)
మా బావ ఎంబీబీఎస్, ఇక్కడే క్లినిక్. చెక్కు బౌన్స్ కేసులో మేజిస్ట్రేట్ కోర్టు పోయిన వారం 6 నెలల జైలు, 4 లక్షల పరిహారం వేసింది. అప్పీలుకు పోతామంటే బెయిలిచ్చింది. శిక్ష ఆగింది కదా, మెడికల్ కౌన్సిల్ జోలికి రాదని ఒకరంటారు, పేరు కొట్టేస్తారని ఇంకొకరంటారు. ఏది నమ్మాల?

కర్నూలు వకీలు
రెండూ తప్పే. ఆగింది శిక్ష మాత్రమే. దోషి అన్న తీర్పు అట్లే ఉంది. దాన్ని ఆపాలంటే కన్విక్షన్ మీద స్టే విడిగా అడగాలి, కారణాలు గట్టిగా చూపాలి. కోర్టులు దాన్ని అరుదుగానే ఇస్తాయి. ఈ తేడా తెలియక "స్టే వచ్చింది" అని కౌన్సిల్‌కు రాసిస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది.

శిక్ష పడగానే పేరు దానంతటదే పోదు. డాక్టర్ల ప్రవర్తనపై 2002 నాటి నియమావళి 7.5లో, ఏ నేరాలకు శిక్ష పడితే తప్పుగా చూస్తారో చెప్పేచోట, నైతిక పతనం, నేరపూరిత చర్యలు అని రెండు మాటలూ ఉన్నాయి. కాబట్టి చెక్కు కేసేలే అని తేలిగ్గా తీసుకోవద్దు. (2023లో కొత్త నియమావళి తెచ్చి అదే నెలలో పక్కన పెట్టారు, పాతదే నడుస్తోంది.) కౌన్సిల్ నోటీసిచ్చి, స్వయంగానో వకీలు ద్వారానో చెప్పుకోనిచ్చాకే నిర్ణయం తీసుకుంటుంది. నోటీసుకు జవాబివ్వకుండా ఉంటేనే అసలు నష్టం.

ఇప్పుడు చేయాల్సింది సెషన్స్ కోర్టులో అప్పీలు. గడువు 30 రోజులు. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు అందులో కలవవు, అందుకే కాపీ అప్లికేషన్ ఈరోజే వేయించండి. పరిహారంలో కనీసం 20 శాతం, అంటే 80 వేలు, కట్టమని అప్పీలు కోర్టు ఆదేశించవచ్చు. ఆ డబ్బు సిద్ధంగా పెట్టుకోండి.

నన్నడిగితే రాజీయే మేలు. చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) సెక్షన్ 147 కింద అప్పీలు దశలోనూ చేసుకోవచ్చు, కోర్టు రాజీ నమోదు చేస్తే నిర్దోషిగా విడుదలైనట్టే. కౌన్సిల్‌కు చూపడానికి అంతకన్నా మంచి కాగితం లేదు.

అనంతపురం స్కానింగ్
చెక్కు కేసు సంగతి చూసి లింగ నిర్ధారణ కేసూ ఇంతేననుకోవద్దు. అక్కడ శిక్ష పడేదాకా ఆగరు. కోర్టు అభియోగాలు నమోదు చేస్తే చాలు, లింగ నిర్ధారణ నిషేధ చట్టం సెక్షన్ 23(2) కింద కేసు తేలేవరకు రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేయొచ్చు. శిక్ష పడితే మొదటిసారి 5 ఏళ్లు పేరు తీసేస్తారు, మళ్లీ పడితే శాశ్వతంగా. అందుకే అభియోగాల దశలోనే డిశ్చార్జి పిటిషన్ (విచారణ లేకుండానే కేసు నుంచి తప్పించమని అడిగేది) మీద పట్టుగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు సార్. కౌన్సిల్ వ్యతిరేకంగా తేల్చితే?

కర్నూలు వకీలు
2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టం సెక్షన్ 30 కింద 60 రోజుల్లోగా ఢిల్లీలోని ఎథిక్స్ బోర్డుకు అప్పీలు, అక్కడా ఓడితే మళ్లీ 60 రోజుల్లో జాతీయ మెడికల్ కమిషన్‌కు. పేరు తీసిన ఉత్తర్వు అమల్లో ఉన్నన్నాళ్లు ఒక్క ప్రిస్క్రిప్షన్ కూడా రాయకూడదు, రాస్తే అది వేరే నేరం.

కడప ఫార్మసీ
ఫార్మసిస్టులకు దారి వేరు. 1948 ఫార్మసీ చట్టం సెక్షన్ 36లో "ఏ నేరానికైనా శిక్ష" అనే ఉంది, కానీ ఆ నేరం వల్ల రిజిస్టర్‌లో ఉండటానికి తగడని రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ కార్యనిర్వాహక కమిటీ అనుకోవాలి. పేరు తీసేయమన్న కమిటీ ఉత్తర్వును కౌన్సిల్ ఖరారు చేసినట్టు అందిన 30 రోజుల్లో ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవాలి.