చర్చ: పర్వత ప్రాంత క్షేత్ర అధ్యయనంలో విద్యార్థికి మొదటి రోజే జీపీఎస్ ఇవ్వవచ్చా?

గిరిరేఖ:
ఇవ్వకూడదని నా అభిప్రాయం. తొలి రెండు రోజులూ టోపో షీటు (నేల ఎత్తుపల్లాలు చూపే పటం), దిక్సూచి, క్లైనోమీటరు (వాలు కోణం కొలిచే పరికరం) మాత్రమే ఉండాలి. కాంటూరు రేఖలు (పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దగ్గరగా ఉన్నచోట వాలు ఎక్కువని పరీక్షలో తడుముకోకుండా రాసే విద్యార్థి, ఎదురుగా కనిపిస్తున్న గట్టు పటంలో ఎక్కడుందో చూపమంటే తెల్లమొహం వేస్తాడు. తెరమీద తన స్థానం చూపే నీలిచుక్క ఉన్నంతసేపూ అతను తలెత్తి చూడడు.

లోయదారి:
పటం చదవడం కళాశాల పక్కనున్న గుట్టమీదనైనా నేర్పవచ్చు. అంతదూరం వెళ్ళి దానికే రెండు రోజులు వెచ్చించడం నాకు సమంజసంగా తోచడం లేదు. జీపీఎస్ ఎక్కడ, ఎందుకు తప్పుతుందో మాత్రం కొండల్లోనే బాగా తెలుస్తుంది. ఇరుకు లోయలో ఆకాశం చాలావరకు మూసుకుపోవడం వల్ల రిసీవరుకు తక్కువ ఉపగ్రహాలే అందుతాయి. పైగా రాతిగోడకు తగిలి ఆలస్యంగా వచ్చిన సంకేతం దూరాన్ని ఎక్కువ చేసి చూపుతుంది. లోయలో ఒకే బండరాయి దగ్గర పలుమార్లు స్థానం నమోదు చేయించి, అదే పని శిఖరం మీదా చేయించి, రెండుచోట్లా చుక్కలు ఎంత చెదిరాయో పక్కపక్కన చూపితే వేరే ఉపన్యాసం అక్కరలేదు. దిక్సూచి మాత్రం తప్పు చెప్పదా? మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజం ఎక్కువగా ఉన్న శిలల దగ్గర దాని ముల్లూ పక్కకు తిరుగుతుంది.

మంచుగాలి:
చలికి ఫోను బ్యాటరీ త్వరగా పడిపోతుంది కనుక, ఏ పక్షం నెగ్గినా దిక్సూచి సంచిలో ఉండవలసిందే.

కొలబద్ద:
ఇద్దరూ వదిలేసిన అసలు చిక్కు ఎత్తు. ఉపగ్రహాల నుంచి లెక్కకట్టే ఎత్తు ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కల కోసం తీసుకున్న నున్నటి రూపం) మీద నుంచి వస్తుంది. పటంలోని ఎత్తు సగటు సముద్రమట్టం నుంచి. ప్రాంతాన్నిబట్టి ఈ తేడా దాదాపు 100 మీటర్ల వరకు ఉండవచ్చు. కొన్ని యాప్‌లు దీన్ని సవరించి చూపుతాయి, కొన్ని సవరించవు. అందుకే ఒకే రాతిమీద పెట్టిన రెండు ఫోన్లు రెండు ఎత్తులు చెప్పి విద్యార్థులను తికమకపెడతాయి. ఇక 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో సేకరించిన ఎస్ఆర్‌టీఎం అనే నేల ఎత్తుల డిజిటల్ నమూనాలో, రాడార్ పక్కచూపుకు అందని నిటారు వాలుల దగ్గర ఖాళీలు మిగిలాయి. వాటిని తరువాత ఇతర ఆధారాలతో పూడ్చారు. పైగా గడికి ఒకే ఎత్తు ఇచ్చే ఆ నమూనాలోని 30 మీటర్ల గడిలో, 45 డిగ్రీల వాలుమీద, ఈ అంచుకూ ఆ అంచుకూ 30 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. అంటే ఇరవై మీటర్ల కొండచరియ ఆ నమూనాలో మామూలు వాలుగా మారిపోవచ్చు, దాని అంచున నిలబడ్డ విద్యార్థికి మాత్రం ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. కాబట్టి ప్రతి స్థానంలోనూ ముందు పటం చూసి తన అంచనా రాయాలి, ఆ తరువాతే పరికరం ఆన్ చేయాలి, రెంటికీ తేడా ఎందుకొచ్చిందో అక్కడికక్కడే ఒక వాక్యం రాయాలి. రోజులను పంచుకోవడం కన్నా ఇదే మేలు.

గిరిరేఖ:
ఈ పద్ధతికి సగం ఒప్పుకుంటాను. పరికరం చూశాక అంచనాను దిద్దుకోని విద్యార్థి అరుదు. పైగా తేడా తక్కువగా ఉన్నవారికే మార్కులు వేస్తే ఆ దిద్దుబాటును మనమే ప్రోత్సహించినట్లవుతుంది. మార్కులు ఆ చివరి వాక్యానికే వేసి, అంచనా కాగితాన్ని ముందుగానే తీసేసుకునేట్లయితే రెండు రోజుల షరతును వదులుకుంటాను.

లోయదారి:
ముప్పైమంది కాగితాలు ప్రతి స్థానంలోనూ, అదీ వాలుమీద, ఎవరు సేకరిస్తారండీ? చెరిపేయడానికి వీల్లేని సిరాతో రాయిస్తే సరిపోతుంది.