సమస్య: ముఖముకన్న వీపు ముద్దు గాదె

నిర్వాహకుడు: ఈ వారం విషయం డిస్నీ పార్కుల్ల పిన్నుల, అంటే గుచ్చుకునే లోహపు బొమ్మ బిళ్ళల, మార్పిడి. 1999 అక్టోబరులో ఫ్లోరిడాలో మొదలైన సరదా. మెడతాడుకు పిన్నులు గుచ్చుకొని పోయి, ఉద్యోగి తాడు మీది దానితో మార్చుకునుడు. అలిగిన భార్యల వీపులు మాత్రం వద్దు, పోయినసారి చాలా అయినయ్.

ఖిల్లా పంతులు:
మార్చుకొనెడి వేళ మరలించి చూడుము
అంచుదాక గళ్ళ యచ్చు గలదొ
రంగుపూత జూచి రంజిల్ల వలదన్న
ముఖముకన్న వీపు ముద్దు గాదె

మానేరు: రెండో పాదం బాగుంది పంతులుగారు. కాని 'చూడుము' తర్వాత 'అంచు' విసంధి, సంధి కలపలే. 'చూడన్న / యంచుదాక' అంటే పోయేది. ఎట్లాగూ 'అన్న' లేనిది మీ పద్యం నడవది.

సంగతికి వస్తే, పిన్ను వీపు మీద గళ్ళ అచ్చు ఉంటది. నకిలీల గళ్ళు అంచుకు చేరకముందే ఆగి చుట్టూ సన్నని గట్టు కనబడుతది. అసలుదాంట్ల గళ్ళు అంచు కాడ తెగిపోయినట్టుంటయ్. కాని పాత పిన్నులకు గళ్ళే ఉండయ్, మీ పద్యం నమ్మి పారేస్తే మంచి సరుకు పోతది. పైగా రంగుపూత చూడొద్దంటిరి! రంగు గుంటపడ్డదా, అంచు వేలికి గీరుకుంటదా, ఇవి పట్టిచ్చేది ముఖమే.

పాకాల:
ఎదుట నొక్కటి గద యెలుక ముఖము జూడ
వెనుక గళ్ళ నిండ వేలు గలవు
లెక్కపెట్టి చూడ లెక్కకు మించు
ముఖముకన్న వీపు ముద్దు గాదె

ఖిల్లా పంతులు: గళ్ళ అచ్చంతా మిక్కీ తలలే గదా! ముందర ఒక్క ముఖం, వీపు నిండ ముఖాలు. విరుపంటే ఇది, మానేరు నేర్చుకోవాలె. 'మించు' కాడ మాత్రం ఒక లఘువు ఎగిరిపోయింది. 'మిక్కిలి' అనండి.

మానేరు: లఘువు సరే, 'వేలు' ఏంది? రెండు వేళ్ళ మధ్య పట్టే బిళ్ళ మీద పదులుంటయ్.

లక్నవరం:
పట్టు లేని పిన్ను పడిపోవు దారిలో
తాడు మీద నున్న తళుకు లేల
బిగువు బిళ్ళ యున్న బెంగ లేదెప్పుడు
ముఖముకన్న వీపు ముద్దు గాదె

పాకాల: వెనుక బిళ్ళను పట్టుకున్నరు, మంచిగుంది అక్కా. అయితే 'ఎప్పుడు' ఎక్కువ మాట. రబ్బరు బిళ్ళ రాపిడికి జారుతది. ఆలెన్ కీతో, అంటే ఆరు పలకల చిన్న కడ్డీతో, బిగించే మరబిళ్ళ జారది గాని, మార్పిడికొచ్చినప్పుడు ఊడదీసుడే పెద్ద పని. దాచుకునే వాటికి మర, మార్చే వాటికి రబ్బరు. ఇచ్చేటప్పుడు బిళ్ళతోనే ఇయ్యాలె, ఒక్కొక్కటిగనే, ఒక్క ఉద్యోగి దగ్గర రోజుకు రెండే. వాళ్ళ తాడు ముట్టుకోవద్దు.

మానేరు: లోహం సంగతి పాకాల చెప్తుంటే నవ్వొస్తది. పెంబర్తి పూరణల 'పోత' అన్నది ఈయనే. అక్కడ ఇత్తడి రేకు కొట్టి బొమ్మ ఉబ్బిస్తరు.

పాకాల: ఆ పద్యం ఇంకా మోస్తున్నవా? పిన్నులల్ల రెండూ ఉన్నయ్. రేకును అచ్చుతో ఒత్తేవీ, జింకు పోతవీ. గోరుతో రుద్ది చూడు, గీతలు తగిలితే మెత్త ఎనామెల్ రంగు, నున్నగుంటే అరగదీసిన గట్టి ఎనామెల్.

మానేరు: నేనడిగింది పెంబర్తి గురించి.

పాకాల: 'మిక్కిలి' దిద్దుకున్న. 'వేలు' తియ్య. 'వెనుక'కు 'పదులు'తో యతి ఎట్ల కలుపుతవో చూపియ్యి.