తొమ్మిదో క్లాస్ పాపకి అటెండెన్స్ సరిపోవట్లేదు, ఓపెన్ స్కూల్‌కి మార్చేయాలా?

మా పాపకి తలసీమియా, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, దానికి ముందు రెండ్రోజులు నీరసంతో మంచం దిగదు, ఎక్కించిన మర్నాడూ అంతే, మధ్యలో జలుబొస్తే ఇంకో వారం గోవిందా. సీబీఎస్ఈ స్కూల్, హైదరాబాద్. నిన్న డైరీలో ఎర్ర పెన్నుతో 61% అని రాసి పంపారు. వచ్చే ఏడు టెన్త్, ఎట్లా గట్టెక్కాలి?

జవాబు: అక్కా, తొందరపడి టీసీ తీసుకోకండి. 75% రూల్ ఉన్నా జబ్బు కారణమైతే బోర్డు సడలిస్తుంది, కాకపోతే అప్లికేషన్ స్కూల్ ద్వారానే పోవాలి. హాస్పిటల్ స్లిప్పులన్నీ దాచండి, లీవ్ లెటర్ ఏరోజుది ఆరోజే ఇచ్చి కాపీ మీద స్టాంప్ వేయించుకోండి, తర్వాత మాకు ఇవ్వలేదంటారు. తలసీమియా 2016 వికలాంగుల చట్టంలో ఉంది, వికలాంగుల సర్టిఫికెట్‌కి అప్లై చేశారా?

జవాబు: మావాడు ఎన్ఐఓఎస్‌లో, అంటే కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూల్‌లో, టెన్త్ రాశాడండి. 14 నిండాలి, పాసవ్వడానికి ఐదు సబ్జెక్టులు, అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, అడ్మిషన్ ఐదేళ్లు చెల్లుతుంది. తెలుగు మీడియం కావాలంటే మన తెలంగాణ ఓపెన్ స్కూల్ కూడా ఉంది. అసలు కష్టం ఏంటంటే ఇంట్లో కూర్చుని పుస్తకం తెరవడు, ఫ్రెండ్స్ లేరు, సాయంత్రం ట్యూషన్‌లో వేశాకే కాస్త దారికొచ్చాడు.

మళ్లీ నేనే: ఆ సర్టిఫికెట్ సంగతి ఎవరూ చెప్పలేదండీ, రేపే మీసేవకి పోతా. పాపేమో ఫ్రెండ్స్‌ని వదిలి రానంటోంది.