ఎస్‌క్యూఎల్ సర్వర్ కంప్యూటెడ్ కాలమ్‌ను పోస్ట్‌గ్రెస్‌కి ఎలా తేవాలి?

అందరికీ నమస్కారం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని బిల్లింగ్ టేబుల్‌ను సీడీసీ (టేబుల్‌లో జరిగే మార్పులను పట్టి ఇచ్చే సదుపాయం) ద్వారా పోస్ట్‌గ్రెస్‌కి రెప్లికేట్ చేస్తున్నాను. అందులో నికర మొత్తం అనే కంప్యూటెడ్ కాలమ్ ఉంది: రేటును పరిమాణంతో గుణించి, డిస్కౌంట్ శాతం తీసేస్తే వచ్చే విలువ. దాన్ని పర్సిస్టెడ్‌గానే, అంటే లెక్కించిన విలువ టేబుల్‌లో నిల్వ ఉండేలానే పెట్టాం. అయినా సీడీసీలో ప్రతి వరుసకీ నల్ (ఖాళీ విలువ) వస్తోంది. డాక్యుమెంటేషన్ చూస్తే, పర్సిస్టెడ్ అయినా సరే సీడీసీ కంప్యూటెడ్ కాలమ్ విలువను పట్టుకోదని ఉంది.

సరే, పోస్ట్‌గ్రెస్‌లోనే జనరేటెడ్ స్టోర్డ్ కాలమ్‌గా (విలువను డేటాబేసే లెక్కించి నిల్వ చేసే కాలమ్) పెట్టాను. ఇప్పుడు రెప్లికేషన్ టూల్ పంపే ఆ నల్‌ను పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోవట్లేదు, డిఫాల్ట్ తప్ప వేరే విలువ ఇవ్వకూడదంటూ ఇన్సర్ట్ ఆగిపోతోంది. క్యాప్చర్ జాబితాలోంచి కాలమ్ తీసేస్తే ఇది పోతుంది, ఆ దారి తెలుసు.

నా అసలు టెన్షన్ లెక్క గురించి. డిస్కౌంట్ శాతం కోసం చేసే భాగహారంలో ఎన్ని దశాంశ స్థానాలు ఉంచాలో రెండు డేటాబేస్‌లూ వేర్వేరు పద్ధతుల్లో నిర్ణయిస్తాయి. కొన్ని వరుసల్లో చివరి అంకె కలవట్లేదు. బిల్లు మొత్తం కాబట్టి అంత తేడా కూడా ఉండకూడదు. పైగా రేపు ఫార్ములా మారితే రెండు చోట్లా మార్చాలి.

రెండు వైపులా ఫార్ములాలో రౌండ్ పెడితే చాలా? లేక మూలంలోనే మామూలు కాలమ్ పెట్టి, ట్రిగ్గర్‌తో (వరుస చేరినా మారినా దానంతటదే నడిచే కోడ్) నింపి, ఆ విలువనే పంపడం మేలా? నాకు రెండోదే నమ్మకంగా అనిపిస్తోంది, కానీ ఇన్సర్ట్‌లు, అప్‌డేట్‌లు ఎక్కువగా ఉండే టేబుల్ మీద ట్రిగ్గర్ భారం ఎంత పడుతుందో చేసినవాళ్లు చెప్పగలరా?